తొమ్మిది గడుల బొంత

అక్క అడిగింది ఆకాశంలో చుక్కల్నేమీ కాదు. షాపులో రెండో మిషను ఖాళీగా ఉంది, దాని మీద నేను కూర్చుంటాను అంది. అంతే.

ఆ మిషను మీద కుట్టే పనివాడు వీధి చివర సొంతంగా షాపు పెట్టుకుని వెళ్ళిపోయి నెల దాటింది. అప్పట్నుంచీ దాని మీద ఓ పాత దుప్పటి కప్పి ఉంది. దుప్పటి మీద అందరూ అన్నీ పెట్టడం మొదలుపెట్టారు. ఇస్త్రీ కావాల్సిన ప్యాంట్లు, తడిసిన గొడుగులు, తాగేసిన టీ గ్లాసులు. అక్క రోజూ పొద్దున్నే వాటన్నిటినీ తీసేసి, మిషనుకి ఒక నూనె చుక్క వేసి, చక్రం ఓసారి తిప్పి చూసి, మళ్ళీ దుప్పటి కప్పేది. తర్వాత తన చోటులో తను కూర్చునేది. ఆ చోటు కటింగ్ బల్ల పక్కన, నేల మీద, ఓ చాప ముక్క. కాజాలు కుట్టడం, గుండీలు పెట్టడం, అంచులు మడవడం, హుక్కులు వేయడం ఆవిడ పని. ఆ షాపులో కుట్టిన ఏ బట్టైనా చివరికి ఆవిడ ఒళ్ళోంచే బయటికి వెళ్ళాలి.

షాపు ఆవిడ తమ్ముడిది. వీధిలో అందరికీ అతను మాస్టరు. అతను అక్కా అని పిలవగా పిలవగా వచ్చేపోయే వాళ్ళందరికీ ఆవిడ అక్క అయిపోయింది. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా మొహమాటం లేకుండా అక్కా అనేస్తారు.

"చేతిపని వేరు, మిషను పని వేరక్కా," అన్నాడు మాస్టరు, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని. నోట్లో గుండుసూదులుంటే అతనికి ఎక్కడలేని పెద్దరికం వస్తుంది. "సూదైతే నువ్వెటు చెప్తే అటు పోతుంది. మిషను అలా కాదు, ఎదురు తిరుగుతుంది."

"ఎదురు తిరిగేవాళ్ళు నాకు కొత్తేం కాదులే. నిన్ను పెంచాను కదరా."

లోపల్నుంచి నవ్వు వినిపించింది. షాపు వెనక గదులే మాస్టరు ఇల్లు. మధ్యలో ఉన్నది ఒక్క కర్టెను, దాని అవతల మాస్టరు భార్య. కాబట్టి ఆ ఇంట్లో రహస్యాలంటూ ఏమీ నిలవవు. ఆవిడ కర్టెను పక్కకి జరిపి తల బయటపెట్టింది.

"కూర్చోనివ్వండీ. వదిన చేత్తో కుట్టిన అంచుకీ, మీరు మిషను మీద కుట్టిన అంచుకీ తేడా చెప్పండి చూద్దాం. మీది వంకర, అంతే తేడా."

మాస్టరు ఈ వాదన ఇక్కడితో తేల్చేద్దామని గుండుసూదులు నోట్లోంచి తీశాడు. "సరే. ఒక బొంత కుట్టి చూపించు. తొమ్మిది గడులు. ఏ గడి నమూనా ఆ గడిదే, ఒకదానిలా ఇంకోటి ఉండకూడదు. తిన్నని కుట్టు ఉండాలి, ఐమూలగా క్రాసు ఉండాలి, గుండ్రం ఉండాలి. మూలలన్నీ ఒకదానికొకటి కలవాలి. ఒక్క మూల తప్పినా మళ్ళీ మిషను మాటెత్తకూడదు."

"తప్పకపోతే?"

"తప్పకపోతే మిషను నీది."

"మరి గుడ్డ?"

"అటక మీద మూటల్లో ముక్కలున్నాయిగా. కావల్సినన్ని తీసుకో," అన్నాడు మాస్టరు చాలా ఉదారంగా.

తర్వాత ఆ ఔదార్యం గుర్తొచ్చినప్పుడల్లా అతను తన నుదురు తనే కొట్టుకున్నాడు.

*

మరదలు స్టూలు పట్టుకుంటే అక్క ఎక్కి మూటలు దింపింది. విప్పి, దుమ్ముకి ఇద్దరూ చెరో నాలుగు తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుని చూశారు.

చంకల దగ్గరా మెడల దగ్గరా తీసిన కత్తిరింపులుంటాయని, వేళ్ళ వెడల్పు పీలికలుంటాయని అక్క అనుకుంది. అవీ ఉన్నాయి. కానీ వాటి కింద శుభ్రంగా మడతపెట్టి ఉన్నవి ముక్కలు కావు, గుడ్డలు. జానెడు ఉన్నవి కొన్ని, మూరెడు ఉన్నవి కొన్ని. నీలం మీద తెల్లచుక్కల పట్టు, ముదురాకుపచ్చ చారల నూలు, ఇటుకరంగు గళ్ళు, చిన్నపిల్లల గౌన్ల గులాబీ పువ్వులు. అక్క ఒక్కోదాన్నీ వేళ్ళ మధ్య నలిపి చూసింది. కంటికంటే ముందు వేళ్ళకే గుర్తొచ్చాయి.

"ఈ నీలం లెక్కల టీచరు జాకెట్టుది. హుక్కు వేద్దామంటే పోగులు జారిపోయి ప్రాణం తీసింది. ఈ చారలు మందుల షాపాయన చొక్కావి."

"ఆయన చొక్కాకి జేబు పెట్టలేదు కదా వదినా? గుడ్డ చాల్లేదని?"

"ఆఁ."

"టీచరుగారికి మోచేతుల దాకా చేతులు కావాలంటే కూడా..."

"గుడ్డ చాల్లేదనే అన్నాడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు వేళ్ళ సందుల్లోంచి వచ్చేసింది. అక్కకీ నవ్వొచ్చింది. అయినా తమ్ముడు కదా, వెనకేసుకు రావాలి. "వాడికి మొదట్నుంచీ కత్తెరంటే భయమే. చేతిలో బెత్తెడు ఎక్కువుంటే గానీ ధైర్యం రాదు," అంది.

అది నిజమే. మాస్టరు ఆ గుడ్డల్లో ఒక్క పోగు కూడా అమ్ముకోలేదు, వాడుకోలేదు. ఇంకాస్త తీసుకు రండి, ఇది చాలదు అనేవాడు. తేలేమంటే చేతుల పొడవో జేబో తగ్గించేవాడు. చివరికి ఏ తప్పూ జరక్కుండా మిగిలిపోయినదాన్ని అటకెక్కించి మర్చిపోయేవాడు. జాగ్రత్తపరుడు పాపం. కాకపోతే ఆ జాగ్రత్తంతా ఎదుటివాళ్ళ గుడ్డతో పడేవాడు.

అక్క ముందు ముక్కలన్నీ తడిపి ఆరేసి, ఏది రంగు వదులుతుందో ఏది కుంచించుకుపోతుందో చూసుకుంది. చెప్పుల డబ్బా అట్ట కత్తిరించి చదరం, ముక్కోణం, డైమండు ఆకారాలు తయారుచేసుకుంది. ప్రతి అట్ట చుట్టూ కుట్టు కోసం పావంగుళం వదిలింది. ఆ పావంగుళం దగ్గరే ఉంది కథంతా. ఒక ముక్కలో వెంట్రుకవాసి తేడా వస్తే గడి మొత్తం మీద వేలెడు తేడా వస్తుంది. అట్ట ఏ వైపు నుంచి పెడితే గుడ్డ తక్కువ పడుతుందా అని తిప్పి తిప్పి చూసి, అప్పుడు సుద్దతో గీసేది. ఒక మూల మిగిలితే అందులోంచి ఇంకో చిన్న ముక్కోణం లాగేది. కత్తిరించడం అయ్యాక ఆవిడ చుట్టూ మిగిలిన చెత్త గుప్పిట్లో పట్టేసేది.

మధ్యాహ్నం భోజనమయ్యాక మాస్టరు కటింగ్ బల్ల మీద కాసేపు నడుం వాల్చేవాడు. అక్క మిషను సమయం అదే. మొదటి రోజు దారం తెగింది. మర్నాడు సూది విరిగింది. చప్పుడుకి మాస్టరు ఒక కన్ను తెరిచి, "నే చెప్పలా?" అని మళ్ళీ మూశాడు. మూడో రోజుకి ఆవిడ పాదం, మిషను ఒకరి మాట ఒకరు వినడం మొదలుపెట్టాయి. చదరంగం గళ్ళు అయ్యాయి. మెట్ల గడి అయింది. పిడి ఉన్న బుట్ట, చిమ్నీ ఉన్న ఇల్లు, తెరచాప పడవ, చేప, నాలుగు రెక్కల గాలిపంకా కుదిరాయి. విసనకర్ర గడిలో గుండ్రం తిప్పేటప్పుడు మరదలు ఊపిరి బిగబట్టి నిలబడింది. కుట్టు చివరి దాకా వచ్చాక, తనే కుట్టినట్టు నుదుటి చెమట తుడుచుకుంది.

నక్షత్రం మాత్రం అక్కని ఏడిపించింది. టీచరుగారి నీలం పట్టులోంచి ఎనిమిది డైమండ్లు; ఎనిమిదింటి మొనలూ నడిమధ్యన ఒక్క చోట కలవాలి. అంచులన్నీ క్రాసు కావడంతో పట్టుకుంటే చాలు సాగిపోతున్నాయి. మొదటిసారి మధ్యలో చిల్లు మిగిలింది. రెండోసారి గుండీలా లేచింది. అక్క దాన్ని బ్లేడుతో విప్పేసి, ముక్కలకి గంజి పెట్టి, ఇస్త్రీ చేసి మళ్ళీ కూర్చుంది. ఈసారి కుట్టుని అంచు దాకా లాగలేదు, పావంగుళం ముందే ఆపేసింది. వెనక మడతలన్నీ ఒకే వైపు తిరిగేలా, చక్రంలా పరిచి ఇస్త్రీ పెట్టె మోపింది. తిప్పి చూస్తే ఎనిమిది మొనలూ మధ్యలో బుద్ధిగా కలిసి ఉన్నాయి. షాపులో ఎవరూ లేరు, మాస్టరు గురక తప్ప. అక్క ఒక్కతే చాలాసేపు నవ్వుకుంది.

*

గడులన్నీ కలిపి, లోపల పాత దుప్పటి పరిచి, కింద అస్తరు వేసి, టాకాలేసి, అంచు పట్టీ కుట్టి, బొంతని కటింగ్ బల్ల మీద పరిచిన రోజు మాస్టరు కళ్ళజోడు తుడుచుకుని వచ్చాడు. ప్రతి మూలలోనూ గుండుసూది గుచ్చి, అవతలి వైపు ఎక్కడ తేలుతుందో చూశాడు. టేపు అడ్డంగా వేశాడు, నిలువుగా వేశాడు, ఐమూలగా వేశాడు. విసనకర్ర దగ్గర వేలితో తడిమాడు. నక్షత్రం దగ్గర ఆగిపోయి, ఎనిమిది మొనలూ రెండుసార్లు లెక్కపెట్టాడు.

"ఇస్త్రీ బాగా చేశావు," అన్నాడు చివరికి.

"ఇస్త్రీయేనా?" అంది మరదలు కర్టెను దగ్గర్నుంచి.

"సరేలేవే. రేపట్నుంచి కూర్చో అక్కా," అని టేపు మెడలో వేసుకుని వెళ్ళిపోయాడు.

మరదలు ఆనందం పట్టలేక బొంతని తీసుకెళ్ళి షాపు ముందు కర్రకి వేలాడదీసింది. వీధంతా చూడాలని. వీధంతా చూసింది కూడా. పాల బూతు ఆవిడ విసనకర్ర తనకి కావాలంది. ఎదురింటి నర్సు తన కూతురి గౌను గులాబీలు పోల్చుకుని పొంగిపోయింది. అక్క గుమ్మంలో నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కాజాల సూదిని పదేపదే పమిట అంచుకి గుచ్చుతూ తీస్తూ ఉంది. ఆవిడ జీవితంలో అంతమంది ఒక్కసారి మెచ్చుకోవడం అదే మొదలు.

సాయంత్రం స్కూలు వదిలాక లెక్కల టీచరు అటుగా వచ్చింది. గొడుగు ముడిచి, మెచ్చుకోబోయి, నక్షత్రం దగ్గర ఆగిపోయింది.

"ఇది నా జాకెట్టు గుడ్డ కదూ?"

షాపులో మిషను చప్పుడు ఆగింది.

"మోచేతుల దాకా చేతులు పెట్టమంటే గుడ్డ చాల్లేదన్నారు మాస్టారూ. ఇక్కడ చూస్తే నా గుడ్డతో నక్షత్రమే వచ్చింది! ఇదెక్కడిది?"

మాస్టరు గోడ వంక చూశాడు, మిషను వంక చూశాడు. ఆఖరికి అక్క వంక చూసి చెయ్యి చూపించాడు.

"అక్క... పక్కన పెట్టిందేమోనండీ. ముక్కలన్నీ తనే సర్దుతుంది. నాకు తెలీదు."

టీచరు అక్కని కిందినుంచి పైదాకా చూసింది. "ఇంతకాలం ఎంత మంచిదో అనుకున్నాను. ఇకమీదట నా గుడ్డ ఈవిడ చేతికి వెళ్ళనివ్వకండి," అని గొడుగు విప్పి వెళ్ళిపోయింది.

మరదలు గబగబా బయటికి వచ్చి ఏదో అనబోతే అక్క చేత్తో ఆపింది. అరగంటలో మందుల షాపాయన వచ్చి గాలిపంకా రెక్కల్లో తన చొక్కా చారలు పట్టుకున్నాడు. ఆ తర్వాత బొంతని చూడ్డానికి వచ్చేవాళ్ళు పోయి వెతకడానికి వచ్చేవాళ్ళు మొదలయ్యారు. ముక్కులు గుడ్డకి ఆనించి మరీ వెతికారు.

షాపు మూసేటప్పుడు మాస్టరు తలెత్తకుండా అన్నాడు. "మిషను సంగతి నాలుగు రోజులు ఆగుదాం అక్కా. గొడవ కాస్త సద్దుమణగనీ."

అక్క చెప్పులేసుకుని పక్క వీధిలోని తన ఇంటికి వెళ్ళిపోయింది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. దొంగ అన్నందుకు టీచరు మీద కూడా అంత కోపం రాలేదు. ఆ మనిషికేం తెలుసు? కోపమంతా ఆ చూపించిన చెయ్యి మీదే. నడక నేర్పేటప్పుడు ఆ చేతికి వేలందించింది తను.

*

మర్నాడు పొద్దున్నే అక్క షాపు అరుగు మీద కూర్చుని, బొంతని ఒళ్ళో వేసుకుని, బ్లేడుతో నక్షత్రం విప్పడం మొదలుపెట్టింది.

మాస్టరు లోపల్నుంచి చూశాడు. ఏం చేస్తున్నావని అడగడానికి ధైర్యం చాల్లేదు. మిషను తొక్కాడు. దారం తెగింది. ఎక్కించి మళ్ళీ తొక్కాడు, మళ్ళీ తెగింది. కర్టెను దగ్గర అతని భార్య చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఏమీ అనటం లేదు. ఏమీ అనకుండా ఉండటం ఆవిడకి చేతకాని పని, అది మాస్టరుకి బాగా తెలుసు. అందుకే దారం మూడోసారి కూడా తెగింది.

"ఇదేంటక్కా, బంగారం లాంటి బొంత!" అంటూ మందుల షాపాయన షట్టరు సగం ఎత్తి అలాగే వచ్చేశాడు.

"ఎవరి గుడ్డ వాళ్ళకిచ్చేస్తున్నాను. మీది దీని తర్వాత. గాలిపంకా విప్పడానికి కాస్త టైం పడుతుంది, షాపు తెరుచుకోండి, పిలుస్తాను."

నలుగురు చేరారు. స్కూలుకి వెళ్తున్న లెక్కల టీచరు గుంపు చూసి ఆగింది. అక్క లేచి, ఎనిమిది నీలం ముక్కలూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఆవిడ చేతిలో పెట్టింది.

"మీ గుడ్డండీ టీచరుగారూ. చిన్నగా కత్తిరించినందుకు ఏమనుకోకండి. మూట విప్పినప్పుడు ఇంత ఉంది," అని తన వేళ్ళ చివర్నుంచి మోచేతి దాకా చూపించింది.

"మూటేంటి? ఏ మూట?"

అక్క బొంత అంచు సర్దింది. "అది మాత్రం నన్నడక్కండి," అని మళ్ళీ కూర్చుని గాలిపంకా మొదటి కుట్టు కింద బ్లేడు పెట్టింది.

చెప్పుంటే మాస్టరు బతికిపోయేవాడు. చెప్పనందుకే లేవాల్సి వచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా, మెడలో టేపు వేలాడుతుండగా గుమ్మంలోకి వచ్చాడు.

"అక్క తియ్యలేదండీ," అన్నాడు. మళ్ళీ అన్నాడు, ఈసారి వీధికంతా వినపడేలా. "అక్క తియ్యలేదు. అన్నీ నేనే దాచాను. మీకు గుడ్డ చాలింది. మీక్కూడా చాలింది. అందరికీ చాలింది. నిన్న అక్క మీద పెట్టింది పచ్చి అబద్ధం."

"మరి చాల్లేదని ఎందుకన్నారు?" అంది టీచరు.

"భయమండీ. కత్తెర పెట్టాక తప్పితే వెనక్కి రాదు కదా. కాస్త చేతిలో ఉంటే..."

"అంటే నా జేబుని భయంతో మింగావన్నమాట!" అన్నాడు మందుల షాపాయన. "గుండెకి మందు నా దగ్గరే ఉందిగా మాస్టారూ, అడిగితే ఇచ్చేవాణ్ణి కదయ్యా!"

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, అరుగు చుట్టూ నవ్వులే నవ్వులు. మాస్టరు చెవులు ఎర్రబడ్డాయి గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. టీచరు నవ్వలేదు. వంగి అక్క చెయ్యి పట్టుకుంది. "నిన్న నోరు జారానమ్మా. తప్పు నాది," అంది. తర్వాత చేతిలో ఉన్న ముక్కలు చూసుకుని, "వీటితో నేనేం చేసుకుంటాను, చెప్పు? ఉన్నచోటే ఉండనీ. నా గుడ్డ నక్షత్రమైతే నాకే గొప్ప," అని వాటిని బొంత మీద పెట్టేసింది.

మాస్టరు అక్క ముందు గొంతుకూర్చున్నాడు. "మిషను నీదే అక్కా. ఇవాళే కూర్చో. ఇప్పుడే కూర్చో."

అక్క ఒళ్ళో రాలిన దారం పోగులు ఏరి ఉండ చేసింది. తొందరపడలేదు.

"మిషను నాకొద్దురా."

అక్క పని మానేస్తుందనుకున్నాడు. వీధి చివర పాత పనివాడి కొత్త షాపు కళ్ళముందు కనిపించింది.

"మిషను మీద కూర్చుంటే నువ్వు కత్తిరించింది నేను కుట్టాలి. నువ్వు మళ్ళీ బెత్తెడు ఎక్కువడుగుతావు. మళ్ళీ మూట కడతావు. మళ్ళీ ఓ రోజు నన్ను చూపిస్తావు." అక్క చెయ్యి చాపింది. "ఆ టేపు ఇలా ఇవ్వు. కత్తెర కూడా ఇచ్చేయ్. కత్తిరించేది నేను. కుట్టేది నువ్వు."

"కత్తెర పట్టినవాళ్ళనే మాస్టరంటారక్కా," అన్నాడతను మెల్లగా. తమ వృత్తిలో ఆ మాట ఎంత బరువో ఆవిడకి తెలీదేమోనని.

"తెలుసు."

అతను అక్క మొహం చూశాడు. తర్వాత ఒళ్ళో బొంత చూశాడు. ఇన్ని వందల ముక్కలు, ఒక్కటీ పెరిగింది లేదు, ఒక్కటీ తరిగింది లేదు. చేతిలో ఎక్కువ గుడ్డ ఉంచుకుని కత్తిరించినవి కావవి. మూలల్లోంచి, కొసల్లోంచి, ఉన్నదాంట్లోంచి లాగినవి. ఆ పని తన వల్ల కాదని మాస్టరుకి నిన్న నక్షత్రం దగ్గర నిలబడినప్పుడే తెలుసు. ఒప్పుకోవడానికే ఒక రాత్రి పట్టింది.

మెడలోంచి టేపు తీసి అక్క మెడలో వేశాడు. కర్టెను దగ్గర్నుంచి ఒక్కటే ఈల వినిపించింది. మరదలికి ఈల వేయడం వచ్చని ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

*

మొదటి గుడ్డ లెక్కల టీచరే తెచ్చింది. ముదురు వంకాయరంగు, కొత్తది, ఎక్కడా మడత నలగనిది. మోచేతుల దాకా చేతులు కావాలంది. అక్క చాప మీంచి లేచి కటింగ్ బల్ల వెనక నిలబడేసరికి, ఎప్పుడూ కింద నుంచి చూసిన షాపు పైనుంచి వేరేగా కనిపించింది. గుడ్డ పరిచింది, ఒకసారి మడిచింది, సుద్దతో గీసింది. చేతుల ముక్క పట్టడం లేదని చెరిపి, వీపు ముక్క పక్కన తలకిందులుగా తిప్పి గీసింది. ఇప్పుడు పట్టింది.

కత్తెర తెరిచాక గీత దగ్గరే ఆగిపోయింది. తమ్ముడి భయం ఏమిటో ఆ క్షణంలో ఆవిడకి అర్థమైంది. జాలి కూడా వేసింది. అయినా ఇంకోసారి గీత చూసుకుని, కోసేసింది.

మిగిలింది అరచేతి వెడల్పు ముక్క. మడిచి టీచరు చేతిలో పెట్టింది. కత్తిరించినవి తీసుకెళ్ళి మాస్టరు ఒళ్ళో పెట్టింది. అతను మార్జిన్లు అటూ ఇటూ తిప్పి చూసి, దారం మార్చుకున్నాడు.

వారం తిరక్కుండా ఓ మధ్యాహ్నం ఎవరో కొత్తాయన వచ్చాడు. వీధికే కొత్త, చేతిలో చొక్కా గుడ్డ పొట్లం. షాపులో మిషను ముందు కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్న మనిషి కనిపిస్తే తిన్నగా అతని దగ్గరికే వెళ్ళి నిలబడ్డాడు.

"మాస్టారూ, కాస్త కొలతలు తీసుకుంటారా?"

అక్క బల్ల వెనకే ఉంది. తలెత్తింది. తమ్ముడేమంటాడో వినాలనిపించింది.

అతను తొక్కుతున్న కాలు ఆపలేదు. కుట్టు మీంచి కళ్ళు ఎత్తలేదు. చెయ్యి మాత్రం చాపి అక్క వైపు చూపించాడు.

"మాస్టరు అక్కడుందండీ," అన్నాడు. "నేను కుట్టేవాణ్ణి."

కొత్తాయన పొట్లం తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు. అక్క మెడలో టేపు తీసుకుని, భుజాలు తిన్నగా పెట్టమంది.